టీకా వేసుకున్నా జబ్బు వస్తుందా? లెక్క తప్పుతున్నది ఎక్కడ?

శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాల ఫలితాలు 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. అందులో రెండు అంకెలు చూస్తే ఈ గొడవ సగం తేలిపోతుంది. టీకా వేసుకున్న 8,471 మందిలో 24 మందికి లక్షణాలతో కోవిడ్ వచ్చింది. వైరస్ సరుకేమీ లేని ఉత్తుత్తి ఇంజక్షన్, అంటే ప్లాసిబో, వేసుకున్న 8,502 మందిలో 106 మందికి వచ్చింది. పేపర్లలో, టీవీల్లో తిరిగిన 77.8 శాతం అన్న మాట ఈ 24, 106ల నుంచి పుట్టిందే.

కాబట్టి టీకా వేసుకున్నవాళ్లకూ జబ్బు వస్తుందన్నది ఎవరో దాచిపెడితే తర్వాత బయటపడ్డ రహస్యమేమీ కాదు. ఆ 24 మంది తయారీదారు సమర్పించిన లెక్కల్లోనే ఉన్నారు. అయినా ఇప్పటికీ ఏ పెళ్లి భోజనాల దగ్గర నలుగురు కూర్చున్నా "రెండు డోసులూ వేయించుకున్నాం, అయినా వచ్చింది, ఇంకెందుకండీ ఆ టీకాలు" అన్న మాట లేస్తూనే ఉంటుంది. దానికి ఒక కారణం జనం శాతాన్ని చదివే తీరు. ఇంకో కారణం చెప్పాల్సినవాళ్లు చెప్పిన తీరు. రెండోదే పెద్ద తప్పని మా అభిప్రాయం.

ముందు శాతం సంగతి. 77.8 శాతం అనగానే చాలామందికి తట్టే అర్థం: వందమంది వేసుకుంటే 78 మందికి రాదు, 22 మందికి వస్తుంది. ప్రయోగంలో జరిగింది అది కాదని పై అంకెలే చెబుతున్నాయి. 8,471లో 24 అంటే వెయ్యికి ముగ్గురు కూడా లేరు. ప్లాసిబో వాళ్లలో వెయ్యికి పన్నెండు మంది పైచిలుకు. టీకా లేనివాళ్లకు ఎంత ముప్పు ఉందో, అందులో సుమారు నాలుగింట మూడొంతులకు పైగా టీకా తగ్గించింది. ఆ తగ్గింపుకే సామర్థ్యం అని పేరు.

కిటుకంతా ఇక్కడే ఉంది. తగ్గింపు శాతం అలాగే ఉన్నా, జబ్బుపడేవాళ్ల సంఖ్య వేవ్‌ని బట్టి మారిపోతుంది. వైరస్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో టీకా లేని వెయ్యిమందిలో పన్నెండు మందికి వస్తే, వేసుకున్నవాళ్లలో ముగ్గురికి వస్తుంది. ఆ ముగ్గురూ ఎవరికీ కనబడరు. అదే వైరస్ ఊరిమీద పడి టీకా లేని వెయ్యిలో 500 మందిని పడుకోబెట్టిందనుకోండి, వేసుకున్న వెయ్యిలో 111 మంది మంచమెక్కుతారు. టీకా అదే, సామర్థ్యమూ అదే. కానీ 111 మంది అంటే ప్రతి వీధిలో ఒకరు, ప్రతి ఆఫీసులో ఇద్దరు. "టీకా పనిచేయడం లేదు" అన్న మాట అప్పుడే ఊరంతా పాకుతుంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో డెల్టా వచ్చినప్పుడు, 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు జరిగిందాన్లో ఒక భాగం ఇదే. ఒక భాగం మాత్రమే. మిగతాది తర్వాత చూద్దాం.

ఇంకొక అంకె కూడా ఆ ప్రయోగంలోనిదే. తీవ్రమైన జబ్బు మొత్తం 16 మందికి వచ్చింది, అందులో 15 మంది ప్లాసిబో వాళ్లు, ఒక్కరే టీకా వేసుకున్నవారు. దాంతో తీవ్రమైన జబ్బు మీద 93.4 శాతం అని ప్రకటించారు. మంచి ఫలితమే. కాకపోతే 16 మంది మీద కట్టిన లెక్క ఎంత వదులుగా ఉంటుందో పరిశోధకులే రాశారు: అసలు విలువ 57.1 నుంచి 99.8 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇలాంటి వివరం హెడ్డింగులోకి ఎప్పుడూ ఎక్కదు.

మాట జారింది ఎవరు?

ప్రయోగాలన్నీ కొలిచింది ముఖ్యంగా లక్షణాలతో వచ్చే జబ్బుని. వైరస్ ముక్కులో చేరిందా, పక్కవాళ్లకు అంటిందా అన్నది వాటిలో చాలామటుకు అసలు ప్రశ్నే కాదు. కానీ బయట మాట్లాడేటప్పుడు ఈ గీత చెరిగిపోయింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ డైరెక్టర్ 2021 మార్చి 29న టీవీలో మాట్లాడుతూ, టీకా వేసుకున్నవాళ్లు వైరస్‌ని మోయరు, జబ్బుపడరు అన్న ధోరణిలో చెప్పారు. అధ్యక్షుడు బైడెన్ జూలై 21న ఒక సభలో ఇంకో అడుగు ముందుకేసి, ఈ టీకాలు వేసుకుంటే కోవిడ్ రాదనేశారు. వారం తిరక్కుండానే, జూలై 27న, టీకా వేసుకున్నవాళ్లు కూడా కేసులు ఎక్కువున్న చోట్ల నాలుగ్గోడల మధ్య మాస్కు పెట్టుకోవాలని అదే సీడీసీ చెప్పింది. ఆ సెప్టెంబరులో తన వెబ్‌సైటులో వ్యాక్సినేషన్ నిర్వచనంలో రోగనిరోధకత అన్న మాట తీసి రక్షణ అన్న మాట పెట్టింది. శాస్త్రపరంగా రెండో మాటే సరైంది. కానీ అప్పుడు మార్చడం చూసినవాళ్లకు ఆట మధ్యలో గోల్‌పోస్టు జరిపినట్టే అనిపించింది, అనిపించదూ మరి.

టీకాను శంకించేవాళ్ల వాదనల్లో చాలావాటికి పసలేదు గానీ, "ముందు రాదన్నారు, తర్వాత వచ్చినా తీవ్రం కాదన్నారు" అన్న ఫిర్యాదు మాత్రం నిజం. దాన్ని ఒప్పుకోకుండా ఎన్ని గ్రాఫులు చూపించినా ఎవరూ వినరు.

పైన అంకె సరే, కింద అంకె ఏది?

బడిలో భిన్నాలు చెప్పేటప్పుడు లవం పైన, హారం కింద అని నేర్పుతారు. ఈ చర్చలో హారం మాయమైపోవడమే అసలు జబ్బు.

కూకట్‌పల్లిలో వెయ్యిమంది పెద్దవాళ్లున్న ఒక కాలనీని ఊహించుకోండి. 900 మంది టీకా వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు. టీకా సామర్థ్యం 80 శాతం అనుకుందాం. వేవ్ వచ్చి టీకా లేనివాళ్లలో సగం మందిని పట్టింది, అంటే 50 మంది. వేసుకున్నవాళ్లకు ముప్పు అందులో అయిదో వంతు, అంటే పదిశాతం, 900లో 90 మంది. మొత్తం రోగులు 140. అందులో 90 మంది, అంటే 64 శాతం, టీకా వేసుకున్నవాళ్లే! కాలనీ గ్రూపులో "జబ్బుపడ్డవాళ్లలో మూడింట రెండొంతుల మంది వేసుకున్నవాళ్లే" అని ఎవరైనా పెడితే అది అబద్ధం కాదు. కానీ దాన్నుంచి టీకా వృథా అన్న నిర్ణయానికి వస్తే తప్పు. వేసుకోనివాళ్లలో ఇద్దరిలో ఒకరు పడ్డారు, వేసుకున్నవాళ్లలో పదిమందిలో ఒకరు. కాలనీలో అందరూ వేసుకుని ఉంటే రోగుల్లో నూటికి నూరుమంది టీకా వేసుకున్నవాళ్లే అయ్యేవారు, అప్పుడు మొత్తం రోగులు నూరుమందే ఉండేవారు.

"రోగుల్లో ఎంతమంది టీకా వేసుకున్నారు" అన్నది ఒక ప్రశ్న. "టీకా వేసుకున్నవాళ్లలో ఎంతమంది రోగులయ్యారు, వేసుకోనివాళ్లలో ఎంతమంది" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ఆస్పత్రి రిజిస్టరులో దొరుకుతుంది, అందుకే వార్తల్లోకి సులువుగా వస్తుంది. రెండోదానికి ఊరి జనాభా లెక్క కావాలి.

2021 జూలైలో అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో ప్రావిన్స్‌టౌన్ అనే ఊళ్లో పండగ జనం మధ్య 469 కేసులు బయటపడ్డాయి. అందులో 346 మంది, అంటే 74 శాతం, పూర్తిగా టీకా వేసుకున్నవాళ్లు. ఈ ఒక్క అంకె ప్రపంచమంతా తిరిగింది. ఆ జనంలో టీకా వేసుకున్నవాళ్లు మొత్తం ఎందరన్న కింది అంకె దాని వెంట రాలేదు. ఆస్పత్రిలో చేరింది ఐదుగురు, చనిపోయినవారు లేరు అన్నదీ అంతగా తిరగలేదు. అయితే అందులో నిజంగా కొత్త సంగతి ఒకటుంది: టీకా వేసుకున్న రోగుల ముక్కు నమూనాల్లో పరీక్షకు దొరికిన వైరస్ మోతాదు, వేసుకోనివాళ్లలో ఉన్నంతే కనబడింది. వాళ్ల ద్వారా కూడా అంటుకోవచ్చన్న అనుమానం అక్కడే గట్టిపడింది. మాస్కు సలహా మారడానికి ముఖ్య కారణం ఇదే, 74 శాతం అన్న అంకె కాదు.

ఇజ్రాయెల్ లెక్క ఇంకా తమాషా. 2021 ఆగస్టు మధ్యలో అక్కడ తీవ్ర స్థితిలో ఉన్న రోగులు 515 మంది, వాళ్లలో 301 మంది టీకా వేసుకున్నవాళ్లు. మొత్తం జనాభా మీద తీసి లెక్కకడితే తీవ్ర జబ్బు మీద సామర్థ్యం 67.5 శాతం తేలింది. అదే జనాన్ని వయసు ప్రకారం రెండు ముక్కలు చేస్తే, 50 ఏళ్ల లోపువాళ్లలో 91.8 శాతం, 50 దాటినవాళ్లలో 85.2 శాతం! రెండు ముక్కల్లోనూ ఎక్కువున్నది కలిపితే ఎలా తగ్గింది? 50 దాటినవాళ్లలో దాదాపు అందరూ టీకా వేసుకున్నారు, 21 లక్షల పైచిలుకు వేసుకుంటే వేసుకోనివారు 1.86 లక్షలే. అదే పెద్దవాళ్లకు వయసు వల్ల ముప్పు కూడా ఎక్కువ. టీకా లేని కుర్రవాళ్లలో లక్షకు 3.9 మంది తీవ్రంగా జబ్బుపడితే, టీకా వేసుకున్న పెద్దవాళ్లలో లక్షకు 13.6 మంది పడ్డారు. వీళ్లనీ వాళ్లనీ ఒకే బుట్టలో వేస్తే టీకా చేసిన మేలు వయసు కింద కప్పబడిపోతుంది. టీకా వేసుకోని పెద్దవాళ్ల అంకె పక్కన పెడితే గాని బొమ్మ తెలియదు: లక్షకు 91.9.

లెక్కని సగమే చూపించింది ఒక్క టీకా వ్యతిరేకులే అనుకుంటే పొరపాటు. 2021 ఏప్రిల్ 21న భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ విడుదల చేసిన లెక్క చూడండి. రెండో డోసు తర్వాత కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లలో 0.04 శాతం మందికి, కోవిషీల్డ్ వాళ్లలో 0.03 శాతం మందికి మాత్రమే పాజిటివ్ వచ్చిందని చెప్పి, టీకా ఎంత బాగా పనిచేస్తోందో చూడండన్నారు. ఇక్కడ కింద అంకె ఉంది, కాలం లేదు. మన దేశంలో రెండో డోసులు మొదలైందే ఆ ఫిబ్రవరి 13న. అంటే ఆ జనాన్ని చూసింది కొద్ది వారాలే. ఆ రోజుకి దేశంలో మొత్తం నమోదైన కేసులు సుమారు కోటీ 56 లక్షలు, జనాభాలో 1.15 శాతం, అదీ పద్నాలుగు పదిహేను నెలల్లో. నెలకు సగటు తీస్తే 0.08 శాతం దాకా వస్తుంది. కొద్ది వారాల 0.03, 0.04 దాని పక్కన పెడితే అంత అద్భుతంగా ఏమీ కనబడదు. టీకా పనిచేయలేదని దీనర్థం కాదు. ఆ అంకె ఏ పక్షానికీ సాక్ష్యం చెప్పలేదంతే. మే నెలలో వేవ్ ముదిరి చుట్టుపక్కల వేసుకున్నవాళ్లంతా పడుకుంటుంటే, "వెయ్యిలో ఒక్కరికి కూడా రాదన్నారు కదా" అని జనం అడిగారు. తప్పు అడిగినవాళ్లది కాదు.

హైదరాబాద్ సంగతికొస్తే పోలిక ఇంకాస్త చిక్కుముడి. జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ కలిసి నగరంలో 30 వార్డుల్లో సుమారు 9,000 మంది రక్తం పరీక్షిస్తే, 2021 మొదట్లోనే 54 శాతం మందిలో యాంటీబాడీలు కనబడ్డాయి. అంటే సామాన్యులకు టీకా అందేలోపే నగరంలో సగం మందికి పైగా వైరస్ తాకి వెళ్లిపోయింది, చాలామందికి తెలియకుండానే. కాబట్టి "మా పక్కింటాయన ఒక్క డోసూ వేసుకోలేదు, రాయిలా ఉన్నాడు" అన్నప్పుడు ఆ పక్కింటాయన వైరస్ ముఖం చూడనివాడని అనుకోవడానికి లేదు. ఆయనకు ఉన్నది జబ్బు ఇచ్చిన రక్షణ కావొచ్చు. టీకా ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా కాలం గడిచేకొద్దీ తగ్గినట్టు కనబడటానికి ఇదొక పెద్ద కారణం.

రక్తంలో కాపలా, ముక్కులో ఖాళీ

భుజానికి వేసే ఇంజక్షన్‌తో ముఖ్యంగా తయారయ్యేది రక్తంలో తిరిగే ఐజీజీ రకం యాంటీబాడీ. ఊపిరితిత్తుల లోతుల్లోకి ఇది బాగానే చేరుతుంది. ముక్కు, గొంతు పొరల మీద కాపలా కాసేది ఐజీఏ రకం. భుజం ఇంజక్షన్‌తో ఇది పెద్దగా పుట్టదు. డోసు వేసిన మొదటి నెలల్లో రక్తంలో ఐజీజీ నిండుగా ఉండి కొంత ముక్కు దాకా ఊరుతుంది కాబట్టి ఇన్ఫెక్షన్ కూడా తగ్గుతుంది. నెలలు గడిచి మోతాదు పడిపోగానే ముందు బయటపడేది ముక్కు. ఊపిరితిత్తులకు ఇంకా రక్షణ ఉంటుంది.

దీనికి తోడు సమయం లెక్క ఒకటుంది. టీకా మిగిల్చి వెళ్లే జ్ఞాపక కణాలు వైరస్‌ని గుర్తుపట్టి, పెరిగి, మళ్లీ యాంటీబాడీలు పోయడానికి కొన్ని రోజులు పడుతుంది. తట్టు వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి పది రోజుల పైనే తీసుకుంటుంది, ఆలోపు జ్ఞాపక కణాలు మేల్కొని దాని పని పడతాయి. రెండు డోసుల తట్టు టీకా 97 శాతం దాకా పనిచేయడానికి ఇదొక కారణం, వైరస్ రూపం పెద్దగా మారకపోవడం ఇంకొకటి. కోవిడ్ మొదటి రకం ఐదు రోజులు తీసుకునేది, డెల్టా నాలుగు, ఒమిక్రాన్ మూడు. జ్ఞాపక కణాలు అందుకునేలోపే జలుబు, జ్వరం వచ్చేస్తాయి. ఊపిరితిత్తులు పాడవ్వడానికి ఇంకో వారం పడుతుంది, అక్కడ మాత్రం కణాలు ముందే చేరుకుంటాయి. జ్వరం వచ్చి ఆస్పత్రిదాకా పోకపోవడం అదృష్టం అనుకుంటాం గానీ, చాలామందిలో దాని వెనక ఈ గడియారమే ఉంది. వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలు కూడా ఇందులో భాగమే. అవి వైరస్‌లో మారని భాగాల్ని కూడా గుర్తుపడతాయి కాబట్టి కొత్త రకాల ముందు యాంటీబాడీలంత తొందరగా చేతులెత్తవు.

ఈ ముక్కు లోటు పూడ్చాలనే భారత్ బయోటెక్ ఇన్‌కోవాక్ అనే చుక్కల టీకా తెచ్చింది, 28 రోజుల ఎడంతో రెండుసార్లు, ముక్కు రంధ్రానికి నాలుగు చుక్కల చొప్పున. 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న విడుదలైంది. ఆలోచన మంచిదే. అయితే అనుమతి ఇచ్చింది యాంటీబాడీల పోలిక మీద, ఇన్ఫెక్షన్లు ఎన్ని ఆగాయన్న లెక్క మీద కాదు. దాన్ని ఇన్ఫెక్షన్‌నే ఆపేసే టీకాగా ప్రచారం చేస్తే మళ్లీ 2021 మార్చి తప్పే చేసినట్టు.

రకం మారినప్పుడు అంకెలు ఎలా జారాయో చూడండి. ఇంగ్లండ్‌లో ఆస్ట్రాజెనెకా టీకా, మన కోవిషీల్డ్ దానికి తమ్ముడే, రెండు డోసుల తర్వాత లక్షణాలతో వచ్చే జబ్బు మీద ఆల్ఫా రకానికి 74.5 శాతం, డెల్టాకి 67 శాతం. ఒక్క డోసు మాత్రమే అయితే డెల్టా మీద 30 శాతమే. ఆస్పత్రిలో చేరకుండా ఆపడంలో మాత్రం డెల్టా మీదా రెండు డోసులు 92 శాతం. ఒమిక్రాన్ వచ్చేసరికి అదే రెండు డోసులు ఆరు నెలల తర్వాత లక్షణాలను దాదాపు ఏమాత్రం ఆపలేకపోయాయి. కోవాగ్జిన్‌కి ప్రయోగంలో 77.8 వస్తే, డెల్టా ఉధృతిలో ఢిల్లీ ఎయిమ్స్ సిబ్బందిలో చూసినప్పుడు 50 శాతమే తేలింది. రోజంతా కోవిడ్ వార్డుల్లో తిరిగేవాళ్లు, రకం మారింది, వేవ్ పతాక స్థాయి. ప్రయోగం నాటి అంకె అక్కడ రావాలనుకోవడమే అత్యాశ.

డోసు వేసిన మర్నాడు వచ్చే జ్వరం

టీకా వేసిన రాత్రి మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గే జ్వరం, ఒళ్లునొప్పులు ఒంటి స్పందన. దగ్గు, గొంతునొప్పి, వాసన తెలియకపోవడం అందులో భాగం కావు. అవి ఉంటే పరీక్ష చేయించాల్సిందే. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్, కోవిషీల్డ్‌లో ఉన్నది ఒంట్లో పెరగలేని వేరే వైరస్ వాహకం. వీటివల్ల కోవిడ్ రాదు, ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్ కాదు.

మరి డోసు వేయించుకున్న వారానికే పాజిటివ్ వచ్చినవాళ్ల సంగతి? రక్షణ నిలదొక్కుకోవడానికి రెండో డోసు తర్వాత రెండు వారాలు పడుతుంది. 2021 ఏప్రిల్‌లో టీకా కేంద్రాల ముందు జనం తోసుకుంటూ నిలబడ్డారు, ఊరంతా వైరస్ ఉంది. డోసుకి రెండు రోజుల ముందు అంటుకున్నా, క్యూలోనే అంటుకున్నా, లక్షణాలు బయటపడేది టీకా తర్వాతే. "టీకా వేసుకోగానే వచ్చింది" అన్న మాటలు ఆ నెలలో అన్ని వినబడటానికి ఈ కాలం కలిసిరావడమే చాలావరకు కారణం.

యాంటీబాడీ పరీక్షల మీద కూడా ఊరికే డబ్బు పోశారు. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లలో వైరస్ ముల్లు మీది స్పైక్ ప్రొటీన్‌కి మాత్రమే యాంటీబాడీలు వస్తాయి, కాబట్టి వైరస్ లోపలుండే ఎన్ ప్రొటీన్‌కి యాంటీబాడీల పరీక్ష పాజిటివ్ వస్తే వైరస్ తాకిందని అర్థం. కోవాగ్జిన్‌లో మొత్తం వైరస్ ఉంటుంది గనక టీకా వల్లే రెండూ పాజిటివ్ రావొచ్చు. ల్యాబు రిపోర్టు పట్టుకుని "నాకు ఇంత వచ్చింది, ఇక రాదు" అనుకోవడానికి ఆధారమైన గీత అంటూ ఏదీ ఖరారు కాలేదు.

టీకా ఓడిపోయిందా, వేయడంలో తప్పిందా?

ఇది వేరే ప్రశ్న, కోవిడ్ గోలలో ఎవరూ అడగనిది. మిగతా టీకాల్లో ఇదే ముఖ్యం.

కుక్క కాటు తీసుకోండి. హైదరాబాద్‌లో దీని బాధ తెలియని బస్తీ లేదు. సూది వేయించుకున్నా రేబిస్ వచ్చిందని అప్పుడప్పుడూ వార్త వస్తుంది, వెంటనే మందు నకిలీదేమో అంటారు. అన్నిసార్లూ కాకపోయినా, ఎక్కువగా తప్పు ఎక్కడ ఉంటుందంటే: పుండు కడగలేదు, సీరం వేయలేదు, వేసినా పుండులో వేయలేదు. కాటుపడ్డ వెంటనే ధారగా పడే నీళ్లు, సబ్బుతో పావుగంట కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. రక్తం వచ్చిన ఏ కాటుకైనా, ముఖం, తల, వేళ్ల మీదైతే మరీను, మొదటి రోజే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ సీరం కావాలి. ఎందుకంటే టీకా యాంటీబాడీలు తయారవ్వడానికి వారం నుంచి పదిహేను రోజులు పడుతుంది, ఆలోపు వైరస్ నరం పట్టుకుంటే ఇక చేసేదేమీ ఉండదు. ముఖం మీద కాటుకి మెదడు దూరం తక్కువ కాబట్టి గడువూ తక్కువే.

సీరం మోతాదు బరువుని బట్టి: మనిషి రక్తం నుంచి తీసిందైతే కిలోకి 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసిందైతే 40. అరవై కిలోల మనిషికి మొదటిది 1,200, రెండోది 2,400. దాన్ని పిరుదుకో భుజానికో వేసేస్తే సగం పని వృథా. పుండు లోపలా చుట్టూ, ప్రతి గాటులోకీ, ఎక్కించాలి. చిన్న పిల్లల తలలో జుట్టు కింద ఒక చిన్న గాటు కనబడకుండా మిగిలిపోయినా ముప్పే. మొదటి రోజు సీరం దొరక్కపోతే టీకా మొదలైన ఏడో రోజు దాకా వేయొచ్చు, ఆ తర్వాత వేయకూడదు. టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున, కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. భుజానికే వేయాలి, బాగా చిన్న పిల్లలకైతే తొడకి. నారాయణగూడలో కుక్కకాటు సూదులు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకి వెళ్లినవాళ్లకు ఇచ్చే చీటీలో ఈ తేదీలే ఉంటాయి. మూడో సూదికే మానేసిన చీటీలు ఎన్నో.

చలి విషయం కూడా అంతే. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ సోకితే పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతాయని తెలిసినవాళ్లు తక్కువ. డీపీటీ, పెంటావాలెంట్, హెపటైటిస్ బి లాంటి అల్యూమినియం లవణం కలిపిన టీకాలు ఒక్కసారి గడ్డకట్టాయంటే ఆ మందు గరుకుగా ముద్దకట్టి శక్తి పోతుంది, చూడ్డానికి మళ్లీ మామూలుగానే కరిగి కనిపిస్తుంది. నర్సులు సీసా ఊపి, మడ్డి ఎంత త్వరగా అడుగుకి దిగుతుందో చూసే పరీక్ష ఇందుకే. మెడికల్ షాపులో టీకా కొని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఐస్‌ముక్కకి సీసా ఆనించి తెస్తుంటారు, అది తప్పు. మధ్యలో గుడ్డో కాగితమో ఉండాలి. తట్టు, రుబెల్లా టీకా పొడిని ద్రావకంలో కలిపిన నాలుగు గంటల తర్వాత పారేయాల్సిందే.

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, కేసులు ఏటా వస్తుంటాయి. చిన్నప్పుడు డీపీటీ పడినా ఎందుకొస్తుందంటే ఆ టీకా కొట్టేది బ్యాక్టీరియాని కాదు, అది కక్కే విషాన్ని. గొంతులో బ్యాక్టీరియా చేరొచ్చు, పక్కవాళ్లకు పోవచ్చు. పైగా ఆ రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ పలుచబడుతుంది. అందుకే 5 నుంచి 6 ఏళ్ల మధ్య బూస్టరు, 10, 16 ఏళ్లకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) సూది పెట్టారు. బడిలో చేరాక ఈ రెండూ మూడూ ఎవరికీ గుర్తుండవు.

ఇలా ఒక్కో టీకాకి ఒక్కో హద్దు. బీసీజీ పసిపిల్లలకు వచ్చే మెదడు క్షయని ఆపుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఆపలేదని తమిళనాడులోని చెంగల్పట్టు ప్రయోగం తేల్చింది. రోటావాక్ మొదటి ఏడాదిలో తీవ్ర రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గిస్తుంది, వేరే క్రిములతో వచ్చే విరేచనాలతో దానికి సంబంధమే లేదు. చికెన్‌పాక్స్ టీకా వేసిన పిల్లకి ఆటలమ్మ పోసినా సాధారణంగా 50 పొక్కులు దాటవు. ఫ్లూ టీకా ఆ ఏటి వైరస్‌తో సరిపడితేనే 40 నుంచి 60 శాతం. అది వేసుకున్నాక ఆగస్టులో వచ్చే జలుబులన్నీ ఫ్లూ కావు, రైనో వైరస్ లాంటివి డజన్లకొద్దీ ఉన్నాయి. మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, చలిలో ఒకసారి లేస్తుంది. అరవై దాటినవాళ్లు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు మే నెలాఖరు, జూన్ మొదట్లో వేయించుకుంటే వానల నాటికి అందుతుంది.

టీకా వేసుకున్న మనిషి జ్వరంతో పడుకున్నప్పుడు ఇంట్లో జరిగే పెద్ద పొరపాటు పరీక్ష మానేయడం. "వేసుకున్నాంగా, ఏం కాదులే" అనుకుంటారు. డాక్టరుకి చివరి డోసు తేదీ, వయసు, షుగరు, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ల వాడకం చెప్పాలి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలో టీకా సరిగ్గా పట్టకపోవడం మామూలే, వాళ్లను వేసుకోనివాళ్లలాగే చూసుకోవాలి. కోవిడ్ యాంటిజెన్ పరీక్ష నెగటివ్ వచ్చి లక్షణాలుంటే ఆర్‌టీపీసీఆర్ చేయించాలి. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో వేస్తేనే పూర్తి ప్రయోజనం. వేలికి ఆక్సిమీటరు పెట్టి, ఆరు నిమిషాలు గదిలోనే నడిపించి మళ్లీ చూడాలి. 94 లోపుకి దిగినా, నిమిషానికి ఊపిరి 24 దాటినా డాక్టరు దగ్గరికి. ఆక్సిజన్ బాగున్న మనిషికి మూడో రోజే స్టెరాయిడ్ మాత్రలు మొదలెట్టొద్దు. 2021 మేలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోవడంలో అదుపుతప్పిన షుగరుతో పాటు ఆ మాత్రల పాత్రా ఉంది.